విడాకుల తర్వాత భరణం: ఒకేసారి 18 లక్షలా, నెలకు 20 వేలా?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

నమస్కారం అండి. నాకు 34 ఏళ్లు. పాపకు తొమ్మిది. రెండేళ్లుగా పుట్టింట్లోనే ఉంటున్నాను. మ్యూచువల్‌కి, అంటే పరస్పర అంగీకారంతో విడాకులకి, ఇద్దరం ఒప్పుకున్నాం. ఆయనది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 80 వేలు వస్తుంది. నేను స్కూల్లో టీచర్‌ని, 12 వేలు ఇస్తారు. పెద్దమనుషులు కూర్చుని ఒకేసారి 18 లక్షలు తీసుకుంటావా, నెలకు 20 వేలు తీసుకుంటావా, నీ ఇష్టం అన్నారు. పాప ఖర్చు కూడా అందులోనేనట. అన్నయ్య ఒకేసారి తీసుకోమంటున్నాడు. వాళ్లు ఇంటిపైన ఇంకో అంతస్తు వేస్తున్నారు, డబ్బు అందులో పెడితే నీ వాటా నీకు రాసిస్తాం అంటున్నాడు. మంచివాడే, కానీ నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వారంలోపు ఏదో ఒకటి చెప్పాలి.

జవాబు (విజయవాడ నుంచి)

చెల్లీ, నేను నెలనెలా తీసుకున్నదాన్ని. 15 వేలు. మొదటి రెండేళ్లు ఐదో తారీఖుకల్లా పడేవి. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాక ఐదు కాస్తా పన్నెండయింది, పన్నెండు ఇరవై అయింది. ఒక నెల ఎనిమిది వేలే వేశాడు. నేను అప్పటికే బాబు ఫీజుకి చెక్కు ఇచ్చేశాను. పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని చూస్తే చెక్కు బౌన్స్, దాని మీద బ్యాంకు వాళ్లు చార్జీ కూడా కోశారు. ఆ లైను నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తర్వాత పూర్తిగా ఆపేశాడు. ఈపీ వేశాను, అంటే కోర్టు ఆర్డర్ అమలు చేయించమని పిటిషన్. జీతం అటాచ్ చేయమని ఆర్డర్ వచ్చేసరికి ఆ కంపెనీ మానేశాడు. కొత్తగా ఎక్కడ చేరాడో కనుక్కోవడానికే నాలుగు నెలలు పట్టింది. వాయిదాకి వెళ్లినప్పుడల్లా నాకు ఒకరోజు జీతం పోయేది.

గవర్నమెంటు ఉద్యోగి అయితే నెలనెలా తీసుకో అనేదాన్ని. ప్రైవేటు అంటున్నావు కాబట్టి ఒకేసారే నయం. కానీ ఆ డబ్బు తీసుకెళ్లి స్లాబులో పోయకు తల్లీ. ఆ స్థలం ఎవరి పేరున ఉందో ముందు చూడు.

జవాబు (ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న వకీలు)

అమ్మా, ఆవిడ చెప్పినలాంటివి మేం కోర్టులో రోజూ చూస్తాం. ముందు లెక్క వేసుకోండి. 18 లక్షలంటే నెలకు 20 వేల చొప్పున 90 నెలలు, ఏడున్నరేళ్లు. అప్పటికి పాప ఇంటర్ వయసుకొస్తుంది, అసలు ఖర్చు మొదలయ్యేది అప్పుడే. పోనీ అసలు ముట్టుకోకుండా 7 శాతం వడ్డీకి వేస్తే నెలకు వచ్చేది 10,500. ఆయన జీతానికి 18 లక్షలు తక్కువ. ఈ లెక్క కాగితం మీద రాసి పెద్దమనుషుల ముందు పెట్టండి.

హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద రెండు పద్ధతులూ ఉన్నాయి. నెలవారీ భరణాన్ని పరిస్థితులు మారితే పెంచమని మీరూ, తగ్గించమని ఆయనా కోర్టుకు వెళ్లవచ్చు. మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆపమని ఆయన అడగవచ్చు. ఏకమొత్తంలో ఆ బెడద లేదు. కానీ ‘ఇకపై ఏమీ అడగను’ అని సంతకం పెట్టాక మళ్లీ అడగడం చాలా కష్టం.

ఆయన జీతానికి 20 వేలు అంటే 25 శాతం. చేతికొచ్చే జీతంలో అంత సబబేనని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది. అదేమీ కచ్చితమైన రూలు కాదు, మాట్లాడేటప్పుడు చేతిలో ఉంటే మంచిది.

నా దృష్టిలో అసలు తప్పు పాప ఖర్చు అందులోనే కలపడం. దానికి ఒప్పుకోకండి. మీరు సంతకం పెట్టినా తండ్రి మీద పాపకున్న హక్కు పోదు. మీకు ఏకమొత్తం, పాపకు విడిగా నెలవారీ అని రాయించండి. రెండేళ్లకోసారి 5 శాతం పెరగాలని కూడా రాయించండి. 2025లో సుప్రీంకోర్టు ఒక భార్యకు నెలకు 50 వేల భరణం ఇస్తూ సరిగ్గా ఈ పెంపే పెట్టింది.

చెక్కు వద్దు, డీడీ అడగండి. మ్యూచువల్ విడాకులు కోర్టులో రెండు దశల్లో జరుగుతాయి, వాటినే మోషన్లు అంటాం. సగం మొదటి మోషన్ రోజు, మిగతా సగం రెండో మోషన్ రోజు. డీడీ మీ చేతికి రాకుండా చివరి స్టేట్‌మెంట్ ఇవ్వకండి. వకీలుకి డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

జవాబు (బ్యాంకు ఉద్యోగి)

ఏకమొత్తంగా వచ్చిన భరణం మీద ఆదాయపు పన్ను పడదు. నెలనెలా వచ్చేదాన్ని మీ ఆదాయంగా లెక్కేస్తారు, మీ స్థాయికి పన్ను కట్టాల్సింది ఏమీ ఉండదు. అంతా ఒకే ఎఫ్‌డీలో వేయకండి, రెండేసి లక్షలుగా విడగొట్టండి. అవసరమొస్తే ఒక్కటే విరగ్గొట్టుకోవచ్చు. ఖాతా మీ ఒక్కరి పేరునే ఉండాలి.

మళ్లీ ఖమ్మం నుంచి

అందరికీ దండాలు. వకీలు గారూ, ఆయనకు ఘట్‌కేసర్ దగ్గర 150 గజాల ప్లాటు ఉంది. డబ్బు పెంచలేనంటే అది పాప పేరున రాయించుకోవచ్చా?

జవాబు (వకీలు)

భేషుగ్గా రాయించుకోవచ్చమ్మా. ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) తీయించి, ప్లాటు మీద లోను ఉందేమో చూడండి. మైనరు ఆస్తి అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి కాబట్టి, రేపు మీ వాళ్లెవరైనా అవసరం అని ఒత్తిడి తెచ్చినా అది కదలదు. ఒకవేళ ఆయన రాసివ్వనంటే, పాప నెలవారీ డబ్బుకి ఆ ప్లాటు మీద చార్జి పెట్టమని, అంటే డబ్బు ఆపేస్తే ప్లాటు నుంచి రాబట్టుకునేలా హామీగా ఉంచమని అడగండి. ఒప్పంద పత్రంలో సర్వే నంబరు, హద్దులు రాయడం మాత్రం మరవకండి.

మళ్లీ ఖమ్మం నుంచి

రేపే ఈసీ తీయిస్తాను సార్. ఇంటి విషయం అన్నయ్యతో నేనే మాట్లాడతాను.