సెంపసూచిల్: ‘ఇరవై పువ్వు’, బంతిపువ్వు, కాగితపు పువ్వు

ప్రశ్న: మెక్సికోలో జరుపుకొనే మృతుల దినం గురించి వ్యాసం రాస్తున్నాను. సమాధులపైనా, ఇళ్లలోని పీఠాలపైనా పెట్టే ‘సెంపసూచిల్’ను బంతి అనవచ్చునా? దానిని కాగితంతోనూ చేస్తారని రాస్తే, ‘కాగితపు పూలు’ అన్న మాట మన చెవికి నిందలా తోచదా?

సమాధానం: బంతి అనడంలో దోషమేమీ లేదు. ఆ మొక్కకు పుట్టిల్లు మెక్సికోయే. మన గుమ్మాలకూ బతుకమ్మకూ ఎక్కేది సముద్రం దాటి వచ్చిన ఆ పువ్వే. పేరు మెక్సికో మూలవాసుల నావాత్ల్ భాషది: ‘సెంపోవల్లి’ ఇరవై, ‘షోచిత్ల్’ పువ్వు. ఆ భాషలో లెక్క ఇరవైల మీద నడుస్తుంది కనుక, ఇక్కడి ఇరవైని రేకుల సంఖ్యగా కాక, మన ‘వేయి’ వలె సమృద్ధిని చెప్పే మాటగా గ్రహించడం సబబు.

ఇక కాగితం సంగతి. మనకు కాగితపు పువ్వు అంటే వాసన లేని, ఉత్తుత్తి పువ్వు (బోగన్‌విల్లా అనుకొనేవారూ లేకపోలేదు). అక్కడ ఆ ఎత్తిపొడుపు చెల్లదు. నవంబరు 1న పిల్లల ఆత్మలు, 2న పెద్దల ఆత్మలు వస్తాయనీ, బంతిపూల రంగూ వాసనా వాటికి దారి చూపుతాయనీ నమ్మకం. వాసన పనిని తాజా రేకులూ కోపాల్ అనే చెట్టుబంక ధూపమూ చూసుకుంటాయి. వాడిపోని రంగు కాగితానిది. ఎండకూ మంచుకూ ఆగేందుకు ఆ పూలను కరిగిన మైనంలో ముంచి, చుట్టుదండలుగా కట్టే పద్ధతి కూడా ఉంది.

నారింజ రంగు పల్చని కాగితాలను కొన్నింటిని దొంతిగా పేర్చి, విసనకర్రలా మడిచి, నడుమ సన్నని తీగతో బిగించి, కొసలకు గాట్లు పెట్టి, ఒక్కొక్క పొరను చిరగకుండా పైకి లేపితే ముద్దబంతి విచ్చుకుంటుంది. ఆ కాగితాన్ని స్పానిష్‌లో ‘పపెల్ దె చీనా’, అంటే చైనా కాగితం, అంటారు. 1565 నుంచి 1815 వరకు ఫిలిప్పీన్స్‌లోని మనీలా, మెక్సికోలోని అకపుల్కో రేవుల మధ్య చైనా సరుకులతో సాగిన ఓడ వర్తకపు జాడ ఆ పేరులో ఉంది. కాబట్టి మీ వ్యాసంలో ‘కాగితపు ముద్దబంతులు’ అని రాయండి, నింద ధ్వనించదు.

మరొక సభ్యుని చేర్పు: వీటిని ‘పపెల్ పికాదో’తో కలపవద్దు. అవి కాగితాల దొంతరను ఉలితో, సుత్తితో చెక్కి బొమ్మలు తేల్చే తోరణాలు. వాటికి ప్యూబ్లా రాష్ట్రంలోని సాన్ సాల్వదోర్ విష్కొలోత్ల పేరుపొందింది. వాటికి మన ‘తోరణం’ చక్కగా సరిపోతుంది.