అచ్చుల గుర్తులు లేని హీబ్రూ చదవడానికి సాయం కావాలి

ఇజ్రాయెల్‌లో ఉంటున్న తెలుగువాళ్లకి నమస్కారం. నేను హైఫాలో పెద్దవాళ్లని చూసుకునే పనిలో ఉన్నాను. అడిగేది నా స్నేహితుడి కోసం. మిజోరం నుంచి వలస వచ్చిన బ్నే మెనషే యూదు కుర్రాడు, 19 ఏళ్లు, నోఫ్ హగలీల్‌లో ఉంటాడు.

కొత్తగా వచ్చినవాళ్లకి నేర్పే ఉల్పాన్ కోర్సు పూర్తిచేశాడు. బజార్లో, బస్సులో బాగానే మాట్లాడతాడు. చిక్కంతా చదవడంలోనే. మొదట నేర్చుకున్న పాఠాల్లో నికుద్, అంటే అచ్చుల గుర్తులు, ఉండేవి. బ్యాంకు ఉత్తరాల్లో, పేపర్లో అవి ఉండవు. గుణింతాలు తీసేసిన తెలుగు పేజీ ఎలా ఉంటుందో ఊహించండి. సేఫెర్ అంటే పుస్తకం, సపార్ అంటే బార్బర్. రెండిటికీ అవే మూడక్షరాలు. సందర్భాన్ని బట్టి చదవమంటారు. వాక్యంలో సగం మాటలు కొత్తవైతే సందర్భం ఎలా దొరుకుతుంది?

ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం చూశాం. అర్థం తెలుస్తోంది గానీ చదవడం రావట్లేదు. నికుద్ ఉన్న పిల్లల కథలు గబగబా చదివేస్తాడు. అదే పేరా గుర్తులు లేకుండా ఇస్తే లైనుకి రెండు నిమిషాలు పడుతోంది. ప్రతి ఫారానికీ ఎవర్నో బతిమాలుకోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంది.

పెద్దయ్యాక హీబ్రూ నేర్చుకున్నవాళ్లు చెప్పండి: గుర్తుల్లేని రాత మీకు ఎలాంటి సాధనతో పట్టుబడింది?