తెలుగు సెర్చ్ ఇంజన్ కట్టాను, వెతికేవాళ్లేరీ?

రాత్రిపని_తెనాలి:

అందరికీ నమస్కారం. నాది తెనాలి. పగలు హైదరాబాద్ కంపెనీకి ఇంట్లోంచే టెస్టింగ్ పని, రాత్రి పదిన్నర దాటాక సొంత పని. ఆ సొంత పని ఏమిటంటే తెలుగు పేజీలను మాత్రమే వెతికే సెర్చ్ ఇంజన్. మూడేళ్ల నుంచి కడుతున్నా. వేరేవాళ్ల దగ్గర ఫలితాలు తెచ్చి పైన రంగేసింది కాదు. పేజీలన్నీ తిరిగి తెచ్చే క్రాలర్ నాదే, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసుకునే ఇండెక్స్ నాదే. ఇప్పటికి 9 లక్షల పేజీల దాకా ఉన్నాయి. పాత బ్లాగులు, వెబ్ పత్రికలు, తెలుగు వికీపీడియా, వంటల సైట్లు, ఎవరో ఓపికున్న రిటైర్డ్ మాస్టార్లు తమ ఊరి చరిత్ర రాసి పెట్టుకున్న సైట్లు. అద్దె సర్వర్ ఒకటి, నెలకి 3,400. ఆ అంకె మా ఆవిడ పాల లెక్క పక్కనే రాస్తుంది, నాకు కనబడేలా.

ఇది ఏం చేస్తుందో ఒక్క ఉదాహరణ చెప్తా. 'సాఫ్ట్‌వేర్' అని కొందరు మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టి టైప్ చేస్తారు, కొందరు పెట్టరు, అప్పుడది 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది. చదివేవాడికి ఫర్వాలేదు, మెషీనుకి మాత్రం రెండూ వేరే మాటలు. నా దాంట్లో రెండూ ఒకటే. గోంగూరలో, గోంగూరతో, గోంగూరకి అన్నీ గోంగూర కిందికే వస్తాయి. అరసున్న ఉన్న పాత పాఠం, లేని కొత్త పాఠం కలిపి చూస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా దొరుకుతుంది.

వచ్చేది రోజుకి 40 మంది. అందులో ఒకడిని నేను, ఇంకొకడు మా బావమరిది.

చేసి చూసినవి: పోయిన దసరాకి 6,000 పెట్టి సోషల్ మీడియాలో ప్రకటన ఇచ్చా. 'మన తెలుగు, మన సెర్చ్' అని బ్యానర్. 2,900 క్లిక్కులు వచ్చాయి. మర్నాడు మళ్లీ వచ్చినవాళ్లు 11 మంది. మొదటిరోజు వెతికినవాళ్లలో కూడా ఎక్కువమంది కొట్టింది 'ఈరోజు బంగారం ధర'. నా దగ్గర బంగారం ధర ఎక్కడుంటుంది? 2012లో ఒకావిడ అక్షయ తృతీయ మీద విసుక్కుంటూ రాసిన బ్లాగు పైన వచ్చింది. చాలా బాగుంటుంది ఆ టపా, కానీ వాళ్లకి కావాల్సింది అది కాదుగా.

ఒక మార్కెటింగ్ ఆఫీసు వాళ్లని అడిగితే నెలకి 25,000 అన్నారు. ముందు మీ సైటుకి ఎస్ఈఓ చేస్తాం, గూగుల్‌లో పైన వచ్చేలా చూస్తాం అన్నారు. సెర్చ్ ఇంజన్ కావాలంటే గూగుల్లో వెతుక్కోవాలన్నమాట.

బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పెడితే బొటనవేళ్లు 60 లేచాయి. వాడినవాళ్లు లేరు.

ఏడాదికి 15,000 దాకా పెట్టగలను. అంతకు మించితే పాల లెక్క పక్కన ఇంకో అంకె చేరుతుంది. ఏం చేయమంటారు? ప్రచారం అనుకుంటారని సైటు పేరు ఇక్కడ రాయడం లేదు.

---

పాత_మోడెం:

ప్రచారం ఎలా చేయాలి అని అడుగుతూ ప్రచారం అనుకుంటారని పేరు దాచారు చూడండి, సగం జబ్బు అక్కడే ఉంది. కనీసం ప్రొఫైల్లోనైనా లింకు పెట్టండి సార్.

ఈ దారిలో ముందు వెళ్లినవాళ్ల సంగతి కొంచెం చెప్తా, ఎందుకంటే అందరూ డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజన్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. 2011లో వాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే ఒక్క హోర్డింగు పెట్టారు. గూగుల్ మిమ్మల్ని గమనిస్తుంది, మేం గమనించం అని దాని మీద రాశారు. ఖర్చు 7,000 డాలర్లు. ఆ రోడ్డు మీద పోయినవాళ్లు ఎంతమంది చూశారన్నది కాదు లెక్క, అంత చిన్న కంపెనీ అంత పెద్ద కంపెనీని వాళ్ల పెరట్లోనే గిల్లిందని పత్రికలవాళ్లు రాశారు. ఆ మాట అప్పట్లో కొత్త. తర్వాత 2013లో అమెరికా ప్రభుత్వం జనం మీద నిఘా పెట్టిందని స్నోడెన్ బయటపెట్టాక జనం వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటూ వచ్చారు. మీరు బెంజి సర్కిల్లో హోర్డింగు పెడితే పక్కన నగల షాపు హోర్డింగులో హీరోయిన్ని చూస్తారు తప్ప మిమ్మల్ని చూడరు.

రెండోది, కూల్ (Cuil అని రాస్తారు) అనే సెర్చ్ ఇంజన్. 2008 జులైలో 12,000 కోట్ల పేజీలు ఇండెక్స్ చేశాం, గూగుల్ కంటే పెద్దది అని చాటింపు వేసి మరీ తలుపులు తీశారు. కట్టినవాళ్లలో గూగుల్‌లో పనిచేసి వచ్చినవాళ్లున్నారు. మొదటిరోజే జనం తోసుకొచ్చారు, సర్వర్లు తట్టుకోలేదు, వచ్చిన ఫలితాలకీ అడిగినదానికీ పొంతన లేదు. ఆ నవ్వులాట నుంచి తేరుకోలేక 2010లో మూసేశారు. మీ దసరా ప్రకటన దీనికి చిన్న నమూనా. బంగారం ధర కావాల్సినవాళ్లని డబ్బిచ్చి పిలిచి, లేదని చెప్పి పంపారు.

మూడోది నాకు బాగా గుర్తుండిపోయింది. నీవా. గూగుల్ ప్రకటనల విభాగాన్ని నడిపిన శ్రీధర్ రామస్వామి పెట్టిన కంపెనీ. డబ్బుంది, బుర్రలున్నాయి, ప్రకటనలు లేని సెర్చ్. 2023లో మూసేస్తూ వాళ్లు చెప్పిందేమిటంటే, డబ్బు కట్టమని ఒప్పించడం కంటే అసలు ఒక్కసారి కొత్త సెర్చ్ ఇంజన్ వాడి చూడమని ఒప్పించడమే కష్టమైందని. అలవాటు అలాంటిది. మన దగ్గర 2022 అక్టోబరులో, కంపెనీల మధ్య పోటీ సరిగ్గా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337 కోట్ల జరిమానా వేసి, కొత్త ఫోను తెరిచేటప్పుడే సెర్చ్ ఇంజన్ ఎంచుకునే వీలు ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ జాబితాలో మీకు చోటు వస్తుందని మాత్రం ఎదురుచూడకండి.

మీకు దగ్గరి చుట్టం వీళ్లెవరూ కాదు. మార్జినేలియా అని స్వీడన్లో ఒకాయన కట్టింది ఉంది. మొదట్లో ఇంట్లో పెట్టుకున్న మామూలు కంప్యూటర్ మీదే నడిపాడు. హంగులు లేని, అక్షరాలు ఎక్కువున్న పేజీలని పైకి తెస్తుంది. 2021లో ప్రోగ్రామర్ల చర్చావేదిక హ్యాకర్ న్యూస్‌లో ఎక్కాక జనానికి తెలిసింది. ఆయన అందరి కోసం కట్టానని ఎప్పుడూ అనలేదు. ఎలా కడుతున్నాడో, ఎక్కడ చెడిందో ఎప్పటికప్పుడు రాసుకుంటూ పోయాడు. మీరు పైన సాఫ్ట్‌వేర్ అనే మాట గురించి రాసిన నాలుగు వాక్యాలు ఉన్నాయే, అవి మీ బ్యానర్ కంటే వెయ్యి రెట్లు నయం. నేను ఆ పేరా చదివాకే ప్రొఫైల్లో లింకు కోసం వెతికా. లేదు.

ఇంకొకటి. తెలుగు బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోట చూపించే కూడలి, జల్లెడ, హారం సైట్ల రోజులు గుర్తున్నాయా? తెలుగు బ్లాగు ఏది తెరిచినా పక్క పట్టీలో వాటి బొత్తాలు వరసగా ఉండేవి. అవి డబ్బిచ్చి పెట్టించినవి కావు, బ్లాగరు తన టపా అందులో కనిపిస్తుందని తనే పెట్టుకునేవాడు. మీరు కూడా బ్లాగర్లకి ఒక వెతుకుడు పెట్టె ఇవ్వండి. పదేళ్ల టపాల్లో తను రాసిందే తనకి దొరకని వాళ్లు ఎంతమందో! తెలుగు విభక్తులు అర్థమయ్యే పెట్టె ఉచితంగా ఇస్తే పెట్టుకుంటారు, కింద చిన్నగా మీ పేరుంటుంది.

---

సందేహం_సుబ్బు:

బ్రో ఏమీ అనుకోకు, ఇప్పుడు అందరూ చాట్‌బాట్‌ని అడుగుతున్నారు. సెర్చ్ ఇంజనే పాతబడిపోతుంటే తెలుగు సెర్చ్ ఇంజనా? పైగా జనం ఏం కొట్టారో చూశానంటున్నావ్. రేపు 'మేం గమనించం' అని బోర్డు పెడితే నమ్మేదెలా?

---

రాత్రిపని_తెనాలి:

సుబ్బు గారూ, రెండో మాటకి ముందు జవాబు. కొట్టిన మాటలు మాత్రం ఏడు రోజులుంటాయి, ఎవరు కొట్టారన్నది అసలు రాసుకోను. కానీ మీరన్నాక చూస్తే ఆ సంగతి సైట్లో ఎక్కడా లేదు. ఈ రాత్రికి రాస్తా. గోప్యత గురించి బోర్డు మాత్రం పెట్టను, నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఆ బెంగ ఉన్నట్టు కనబడలేదు.

చాట్‌బాట్ సంగతి, మా అమ్మ పుట్టిన ఊరి పేరు ఎలా వచ్చిందని అడిగా. ముగ్గురు రాజుల కథ చెప్పింది. ముగ్గురూ ఆ ఊరికి రాలేదు.

మోడెం గారూ, లింకు పెట్టాను. మార్జినేలియా గురించి చెప్పినందుకు థాంక్స్. కూల్ గురించి చెప్పినందుకు నిద్రపట్టలేదు.

---

పాలకొల్లు_పంతులమ్మ:

బాబూ, నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. టెక్నికల్ విషయాలు నాకు తెలియవు. ప్రొఫైల్లో లింకు చూసి తెరిచాను, వాడినంతలో నాకనిపించింది రాస్తున్నాను.

మాకు రోజూ ఉండే ఇబ్బంది ఏమిటంటే పద్యం మొదటి పాదం గుర్తుండదు. మూడో పాదంలో ఒక ముక్క నాలుక మీద ఆడుతూ ఉంటుంది, మిగతాది రాదు. గూగుల్లో కొడితే వీడియోలు వస్తాయి. నీ దాంట్లో మూడో పాదంలోని రెండు మాటలు, అదీ సంధి విడగొట్టి కొట్టాను. రెండో ఫలితంలో పద్యం మొత్తం, తాత్పర్యంతో వచ్చింది. అప్పుడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

కానీ ముందు పేజీ చూస్తే ఏముంది? ఒక పెట్టె, పైన పేరు. దీంతో ఏం చేయాలో నాకు ఎలా తెలుస్తుంది? ఈ పద్యం సంగతి అక్కడ రాయి. 'మధ్యలో ఒక ముక్కే గుర్తుందా, అదే కొట్టండి' అని. అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి, ఒత్తులు కనబడటం లేదు. యాభై దాటినవాళ్లే కదా నీ దగ్గరికి వచ్చేది.

మా జిల్లా తెలుగు టీచర్ల గ్రూపులో 240 మంది ఉన్నారు. అందులో లింకు పెడదామని చూస్తే బూడిదరంగు పెట్టె ఒకటి వచ్చింది, ఏ మాటా లేదు. అలాంటివి మేం నొక్కం, డబ్బులు పోతాయని భయం. నువ్వు సైటు లింకు కాదు, వెతికిన ఫలితం లింకు పంపుకునేలా చెయ్యి. ఏం వెతికామో అది తెలుగులో కనబడాలి. అప్పుడు గ్రూపులో ఎవరైనా 'ఫలానా పద్యం ఎవరి దగ్గరైనా ఉందా' అని అడిగినప్పుడు జవాబుగా అది పంపుతాను. వారానికి నలుగురు అడుగుతారు.

---

బందరురోడ్డు_స్టాలు:

పుస్తకాల షాపు మాది. పంతులమ్మ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నా వైపు నుంచి ఒకటి. విజయవాడలో జనవరి మొదట్లో పుస్తకాల పండగ, హైదరాబాద్‌లో డిసెంబరులో బుక్ ఫెయిర్. మీకు కావాల్సిన జనం పనిగట్టుకుని మరీ వచ్చే చోట్లు. స్టాలు అద్దె మీ బడ్జెట్లో కుదరదు, అడగొద్దు. బుక్‌మార్కులు వేయించండి. పుస్తకం కొన్న ప్రతివాడికీ మేం ఏదో ఒకటి లోపల పెట్టి ఇస్తాం, మీది పెడతాం. కరపత్రం గేటు దగ్గరే నేల మీద పడుతుంది, బుక్‌మార్కు ఆర్నెల్లు పుస్తకంలో ఉంటుంది.

దాని మీద 'మన తెలుగు' కబుర్లు వద్దు. ఒక్కో అట్ట మీద ఒక్కో ప్రశ్న వేయండి, కింద క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే ముందు పేజీకి కాకుండా ఆ ప్రశ్నకి వచ్చే ఫలితాలకే పోవాలి. ముందు ఆ ఫలితాలు మీరు చూసుకోండి, అక్షయ తృతీయ రాకుండా.

---

రాత్రిపని_తెనాలి:

మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ. ఆఫీసులో రిలీజు టెన్షన్.

ఫలితం లింకు పని ముందు చేశా. వాట్సాప్‌లో పంపితే ఇప్పుడు వెతికిన మాట పెద్దగా, కింద మొదటి ఫలితంలోంచి రెండు లైన్లు తెలుగులో కనిపిస్తాయి. పంతులమ్మ గారు గ్రూపులో ఒకటి పంపిన ఆదివారం 112 మంది వచ్చారు. మర్నాడు మళ్లీ వచ్చినవాళ్లు 29. దసరాకి 6,000 పోస్తే 11 మంది, ఇప్పుడు రూపాయి లేకుండా ఇంతమంది. మా ఆవిడకి చెప్తే ఆ 6,000 వెనక్కి వస్తాయా అంది.

ఏం కొట్టారని చూస్తే పద్యాల తర్వాత ఎక్కువ వచ్చినవి ఊళ్ల పేర్లు. ఎవరి ఊరు వాళ్లు వెతుక్కున్నారు. 38 ఊళ్లకి నా దగ్గర ఒక్క పేజీ కూడా లేదు. ఆ మాస్టార్ల సైట్లు ఎక్కడెక్కడున్నాయో మళ్లీ గాలిస్తున్నా. మీలో ఎవరికైనా తమ ఊరి సైటు తెలిస్తే ఇక్కడ పెట్టండి, ఆ రాత్రికే ఎక్కిస్తా.

వెతుకుడు పెట్టె ఇద్దరు బ్లాగర్లు పెట్టుకున్నారు. ఒకాయన 2009లో తను రాసిన టపా దొరికిందని ఫోన్ చేసి గంట మాట్లాడారు, అందులో పది నిమిషాలు పెట్టె గురించి.

బుక్‌మార్కులు వెయ్యి వేయిస్తున్నా. ప్రశ్నలు ఆరు రాసుకున్నా, రెండు కొట్టేశా, ఫలితాలు బాలేదు. స్టాలు గారూ, అట్ట ఎంత మందం ఉండాలో మీకు మెసేజ్ పెట్టా, చూడండి.

పంతులమ్మ గారూ, అక్షరాలు పెద్దవి చేశా. ఒత్తులు కనబడుతున్నాయేమో మీ ఫోన్లో చూసి చెప్పండి. నా కళ్లజోడుతో నాకు బాగానే ఉన్నాయి.