అప్‌డేట్: నాన్న ఆరు గంటల ఎంటీబీ (మౌంటెన్ బైక్) రేసు, పిక్కలు పట్టేయడం

ఎంత నీళ్లిచ్చినా నాలుగో గంటకి నాన్నకి పిక్కలు పట్టేస్తున్నాయని అడిగాను కదా. వట్టి నీళ్లే తాగించడం తప్పు. చెమటతో ఉప్పు పోతుంటే రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది. ఇప్పుడు లీటరుకి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్, పూర్తిగా. దాహాన్ని బట్టి గంటకి 500-750 మి.లీ. (బీపీ ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.) ఆకలేసేదాకా ఆగకుండా గంటకో అరటిపండు, కొంచెం బెల్లం: దాదాపు 40 గ్రాముల కార్బ్స్. అసలు కారణం మాత్రం బహుశా మొదటి గంట వేగమే. మాట్లాడగలిగే ఊపులోనే తొక్కించాలి.

ఇంకోటి, గుంటూరు ఎండలకి ట్యూబ్‌లెస్ సీలెంట్ (ట్యూబ్ లేని టైరులో పోసే, పంక్చర్లు పూడ్చే ద్రవం) రెండు, మూడు నెలల్లో ఎండిపోతుంది. చక్రం ఊపితే చప్పుడు రాకపోతే 29 అంగుళాల టైరుకి 100 మి.లీ. పోయండి. కొండవీడు రాళ్లకి స్పేర్ ట్యూబ్ తప్పనిసరి.