తూటాల లెక్క తప్పినా ఈల ఎందుకు పడుతుంది?

రీళ్ళబండి:
నిన్న రాత్రి జాన్ వూ తీసిన ‘హార్డ్ బాయిల్డ్’ (1992) మళ్లీ చూశాను. చూడనివాళ్ల కోసం చెబుతున్నా. హాంకాంగ్‌లో ఒక టీ హోటల్. జనం పంజరాల్లో పిట్టల్ని వెంట తెచ్చుకుని టీ తాగే చోటు. ఆ పంజరాల అడుగునే తుపాకులు దాస్తారు. కాల్పులు మొదలయ్యాక హీరో చౌ యున్-ఫాట్ రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లు పట్టుకుని మెట్ల రెయిలింగ్ మీద జారుతూ కాలుస్తాడు. చివర్లో వంటింట్లో పిండి మీద పడి మొహం తెల్లగా అయిపోతుంది. దగ్గర్నుంచి పేల్చగానే ఆ తెలుపు మీద ఎర్రటి చుక్కలు పడతాయి. ఆ ఒక్క ఫ్రేము కోసం నేను సినిమా అంతా మళ్లీ చూస్తాను. మా ఇంట్లో “ఆ ఢాం ఢాంలో ఏముంది” అంటారు. నాకైతే అది నాట్యమే. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

పాతఖాకీ:
పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో 26 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఆ సినిమా నేనూ చూశాను. ఆ రకం బెరెట్టా పిస్తోలుకి తూటాలు నింపే మ్యాగజైన్‌లో మామూలుగా 15 రౌండ్లు, అంటే 15 తూటాలు. రెండు తుపాకులకి 30. ఆయన ఎన్ని కాల్చాడో కూర్చుని లెక్కపెట్టండి. మా ఎస్సెల్లార్ రైఫిల్‌కి 20 రౌండ్లు. ఫైరింగ్ ప్రాక్టీసు అయ్యాక పేలిన తూటాల ఖాళీ కేసులన్నీ ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా చీకటి పడేదాకా గడ్డిలో వెతికించేవారు. తుపాకీ అంటే ముందు లెక్క. ఆ లెక్క లేనిది నాకు తుపాకీలా అనిపించదు.

నైట్‌షో:
అందుకే ‘జాన్ విక్’ (2014) చూడండి సార్. మ్యాగజైన్ అయిపోతే మార్చుకుంటాడు. దర్శకుడు చాడ్ స్టహెల్‌స్కీ ఒకప్పుడు ‘మ్యాట్రిక్స్’లో కీనూ రీవ్స్‌కి డూప్. పని తెలిసినవాళ్లు తీసింది.

పాతఖాకీ:
మ్యాగజైన్ మార్చినంత మాత్రాన సరిపోదు బాబూ. రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లుంటే గురి ఎక్కడ చూస్తాడు? కన్ను, వెనక సైటు, ముందు సైటు, టార్గెట్ ఒకే గీతలో ఉండాలి. రెండు గీతలకి రెండు తలకాయలు కావాలి.

గోదారిగట్టు:
మనవాళ్లు ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసింది 1971లో. కృష్ణ టోపీ పెట్టి తుపాకీ తిప్పితే మా నాన్న కుర్చీ మీద నిలబడి ఈల వేశాడట. ఆయన తుపాకీ జన్మలో ముట్టుకోలేదు. గురి సంగతి ఆయనకి ఎందుకు?

రీళ్ళబండి:
పాతఖాకీ గారూ, అర్జునుడి అమ్ములపొదిలో ఎన్ని బాణాలున్నాయో ఎవరైనా లెక్కపెట్టారా? అది అక్షయ తూణీరం. పౌరాణికాల్లో ఒక బాణం వేస్తే నూరవుతుంది, రెండు అస్త్రాలు ఆకాశంలో ఢీకొని మెరుపులొస్తాయి. అది చూసి మనం చప్పట్లు కొడుతూ పెరిగాం. నాటకంలో రాయబారానికొచ్చిన కృష్ణుడు “జెండాపై కపిరాజు” అని రాగం తీస్తుంటే కౌరవులంతా కదలకుండా కూర్చుని వింటారు. నిజంగా అయితే వింటారా? వూకి హాలీవుడ్ మ్యూజికల్స్ అంటే ప్రాణం. ఆయన తుపాకీని తాళంలా వాడాడు. ఒకడు గాల్లోకి లేస్తాడు, కాలం సాగుతుంది, కింద పడగానే మళ్లీ వేగం అందుకుంటుంది. విలంబితం, ద్రుతం. మీరు కొలబద్ద పట్టుకుని పాటని కొలుస్తున్నారు.

రెండోబెంచి:
మా ఆరేళ్లవాడు అన్నం ముద్ద పెడుతుంటే నా నుదుటికి రెండు వేళ్లు గురిపెట్టి కళ్లు మూసుకోమన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఇంతకంటే చెప్పలేను.

నైట్‌షో:
పిల్లలకి చూపించొద్దు అక్కా. అది వేరే సంగతి.

పాతఖాకీ:
వేరే సంగతి ఎలా అవుతుంది? రీళ్ళబండి గారూ, మీరు తాళం అంటున్న ఆ శబ్దం గది లోపల ఒక్కసారి వినండి. రెండు రోజులు చెవిలో కీచుమంటుంది. మీ హీరో నలభై మందిని కూల్చాక మెల్లగా మాట్లాడుకుంటాడు. తెలియనివాళ్లు తీస్తే తెలియనివాళ్లు చూసి...

రీళ్ళబండి:
తెలియనివాళ్లా? సరే, నా సంగతీ వినండి. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక బట్టల కొట్లో చేసేవాణ్ని. మూడు నెలల జీతం ఎగ్గొట్టి, అడిగితే ఖాతాదారుల ముందే “నీ మొహానికి జీతమా” అన్నారు. నోరెత్తకుండా వచ్చేశాను. ఆ రాత్రి అద్దె సీడీలో వూ తీసిన ‘ఎ బెటర్ టుమారో’ (1986) చూశాను. అందులో చౌ యున్-ఫాట్ వేసిన మార్క్, కాలు దెబ్బతిని కుంటుతూ, కార్లు తుడుచుకుంటూ, పార్కింగ్‌లో నేల మీద కూర్చుని డబ్బా అన్నం తింటాడు. అంతకుముందు పూలకుండీల్లో తుపాకులు దాచి, హోటల్ వరండాలో రాజులా నడిచినవాడే. ఆ అన్నం చూసి ఏడ్చాను. అతను చివర్లో మళ్లీ తుపాకీ పట్టినప్పుడు నేను చూసింది తుపాకీని కాదు, వంగిన నడుము లేవడాన్ని. 15 రౌండ్లా 50 రౌండ్లా అని లెక్కపెట్టే మీకు అది కనబడదు. మీకు సినిమా చూడటం రాదు సార్.

గోదారిగట్టు:
పెద్దాయనతో ఆ మాట తప్పు తమ్ముడూ.

పాతఖాకీ:
పర్లేదు, అననీండి. రౌండ్ల సంగతి వదిలేస్తాను. నా బాధ అది కాదు, ముందే చెప్పాల్సింది.

అదే ‘హార్డ్ బాయిల్డ్’లో ఆసుపత్రి సీను. కట్ లేకుండా రెండున్నర నిమిషాలు దాటి నడుస్తుంది. ఇద్దరు పోలీసులు వార్డుల మధ్య కాల్చుకుంటూ పోతుంటారు. ఒక తూటా పొరపాటున తోటి పోలీసుకి తగులుతుంది. ఇద్దరూ లిఫ్టెక్కుతారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తలుపు తెరుచుకోగానే మళ్లీ మొదలట.

మా పోలీసు పార్టీలో అలా జరిగింది. రాత్రి, అడవిలో. మావాడి తూటాయే మావాడికి తగిలింది. కాల్చినవాడు నా పక్కనే ఉన్నాడు. కాగితం మీద వేరేగా రాశారు. సంతకం పెట్టమంటే అందరం పెట్టాం. ఆ తర్వాత అతను మెస్‌లో మా బల్ల దగ్గర కూర్చోలేదు. బదిలీ అయ్యేదాకా ప్లేటు చేత్తో పట్టుకుని బయట నిలబడి తినేవాడు.

మీరు భారతం తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. అక్షయ తూణీరం ఉన్న కథలోనే స్త్రీపర్వం కూడా ఉంది. యుద్ధం అయ్యాక గాంధారి ఒక్కొక్క శవం దగ్గర ఆగి, పేరు పెట్టి ఏడుస్తుంది. తిక్కన దాన్ని వదిలెయ్యలేదు. మీ సినిమాల్లో పడిపోయినవాడి దగ్గర ఎవరాగుతారు?

రీళ్ళబండి:
సార్, సినిమా చూడటం రాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించండి.

కానీ ఒప్పుకోను. ఆ లిఫ్టే ఆగడం. అంత హోరులో వూ ఇద్దరినీ ఇనప డబ్బాలో నిలబెట్టి, చేసిన పనిని చూసుకోమన్నాడు. వట్టి వినోదమే కావాలంటే ఆ తూటా పోలీసుకి తగలాల్సిన అవసరం లేదు. అందమైన కాల్పుల మధ్య ఆ మచ్చ పెట్టాడు కాబట్టే నాకు ఆయనంటే గౌరవం. మీరు చెప్పిన మెస్ బల్ల, నేను చెప్పిన డబ్బా అన్నం ఒక్క చోటికే వస్తున్నాయని నాకనిపిస్తోంది.

పాతఖాకీ:
లిఫ్టు ఎంతసేపు ఉంటుందో తెలుసా?

నైట్‌షో:
దాదాపు 20 సెకన్లు. వాళ్లు లోపల ఉండగానే బయట యూనిట్ పరుగులు పెట్టి అదే వరండాని వేరే అంతస్తులా మార్చేసింది. గొప్ప పనితనం.

పాతఖాకీ:
20 సెకన్లు. ఆ సినిమా మా అబ్బాయి పెడితే చూశాను. తలుపు తెరుచుకోకముందే రిమోట్ తీసుకుని ఆపేశాను. “ఇప్పుడే కదా నాన్నా అసలుది” అన్నాడు. ఆ తర్వాత ఏమైందో నేను ఇప్పటిదాకా చూడలేదు.