బొమ్మ స్పష్టంగా కనబడితే పారలాక్స్ పోయినట్టేనా?

చుక్కగురి: పారలాక్స్ అంటే రైఫిల్ స్కోప్‌లో (గురి దుర్భిణిలో) కన్ను కదిలినప్పుడు రెటికిల్, అంటే గురి గీతలు, టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం. అది పోవాలంటే స్కోప్ పక్కనుండే ఫోకస్ నాబ్ (సైడ్ నాబ్) తిప్పి బొమ్మ స్పష్టమైతే చాలని కొందరు, తల కదిపి చూడందే నమ్మొద్దని కొందరు. నా ఓటు మొదటిదానికి. టార్గెట్ బొమ్మ సరిగ్గా రెటికిల్ ఉన్న తలం మీద పడితేనే రెండూ ఒకేసారి పదునుగా కనిపిస్తాయి. పారలాక్స్ లేకపోవడమన్నా అదే కదా. మళ్లీ ఇంకో పరీక్ష దేనికి?

కటకం40: సూత్రం సరే, మధ్యలో కన్నుందండీ! ఐపీస్ (కంటి వైపు కటకం) సరిగా సెట్ కాకపోతే కన్ను తనే సర్దుకుని, బొమ్మ రెటికిల్‌కు కాస్త ముందో వెనకో పడినా స్పష్టంగానే చూపిస్తుంది. 4ఎక్స్‌లోనైతే (నాలుగు రెట్లు పెద్దదిగా చూపేటప్పుడు) నాబ్ చాలా తిప్పినా తేడా తెలియదు.

ముందు ఐపీస్ సంగతి చూడండి. రైఫిల్ ఖాళీ అని రూఢి చేసుకుని, స్కోప్‌ను ఉత్త ఆకాశం వైపు పెట్టండి (సూర్యుడి వైపు కాదు). నాబ్ ఇన్ఫినిటీలో (అన్నిటికంటే దూరపు గుర్తు మీద) ఉండాలి. ఒక్క క్షణం చూసి కన్ను తిప్పేయండి. చూసీ చూడగానే రెటికిల్ నల్లగా, పదునుగా ఉండాలి; లేకపోతే ఐపీస్ కాస్త తిప్పి మళ్లీ చూడండి. నాలుగు సెకన్లు తేరిపార చూశారా, కన్ను సర్దేసుకుంటుంది, పరీక్ష వృథా. కుదిరాక లాక్ రింగ్ బిగించి ఇక ముట్టుకోకండి.

తర్వాత రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా కూర్చోబెట్టి, చేతులు తీసేసి, నాబ్‌తో బొమ్మ స్పష్టం చేసి, తల కొద్దిగా పైకీ కిందికీ ఆడించండి. రెటికిల్ కన్ను వెళ్లిన వైపే జరిగితే నాబ్ దూరానికి సెట్ అయి ఉంది, దగ్గరి అంకెల వైపు తిప్పాలి. ఎదురు దిక్కుకు జరిగితే దూరం వైపు. నాబ్ మీది అంకెలు ఉజ్జాయింపే.

నూరుమీటర్లు: ఇంత హడావుడా! 100 మీటర్లకు ఫ్యాక్టరీలోనే కట్టేసిన స్కోప్‌లకు అసలు నాబే ఉండదు. లెక్క చూద్దాం: టార్గెట్ దూరానికీ సెట్ చేసిన దూరానికీ ఉన్న తేడాను సెట్ చేసిన దూరంతో భాగించి, ఆబ్జెక్టివ్ (స్కోప్ ముందు కటకం) వ్యాసంలో సగంతో గుణిస్తే గురిలో గరిష్ఠ తప్పు వస్తుంది. 40 మి.మీ. ఆబ్జెక్టివ్‌కు 200 మీటర్లలో 20 మి.మీ., 300లో 40 మి.మీ. 300 మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) సుమారు 87 మి.మీ., అందులో సగం కూడా కాదు. అదీ కన్ను అంచుకు జరిగి బొమ్మ నల్లబడబోయేటప్పుడు.

పెల్లెట్45: అదే లెక్క దగ్గరికి వేయండి గురువుగారూ. 10 మీటర్లకు 18 మి.మీ. అంటే 4.5 మి.మీ. పెల్లెట్లు నాలుగు పక్కపక్కన పేర్చినంత! పైగా బొమ్మ మసక. స్కోప్ పెట్టిన ఎయిర్ రైఫిల్‌కు 10 మీటర్ల దాకా దిగే సైడ్ నాబో, ముందు కటకం దగ్గర తిప్పే ఫోకస్ రింగో ఉండాల్సిందే.

చుక్కగురి: ఆ లెక్కలో మాగ్నిఫికేషన్ ఊసే లేదే? ఎక్స్ పెంచితే తప్పు పెరుగుతుందని అందరూ అంటారు.

కటకం40: గరిష్ఠం మారదు, దాన్ని చేరుకోవడం తేలికవుతుంది. 40 మి.మీ. స్కోప్ నుంచి కంటికి వచ్చే వెలుగు వలయం 4ఎక్స్‌లో 10 మి.మీ., 10ఎక్స్‌లో 4 మి.మీ. కన్ను మధ్య నుంచి 1 మి.మీ. జరిగితే మొదటిదాంట్లో గరిష్ఠ తప్పులో ఐదో వంతు, రెండోదాంట్లో ఏకంగా సగం. నూరుమీటర్లు గారి ఫిక్స్‌డ్ స్కోప్‌తో గురి నిలుస్తోందంటే, చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనుతోందన్నమాట. బొమ్మ చుట్టూ నల్లని అంచు అన్ని వైపులా సమానంగా ఉందా అన్నదే అక్కడ చూసుకోవాల్సింది.

ఇంకొకటి, నాబ్ లోపల కాస్త లూజు ఉంటుంది. ఎప్పుడూ ఇన్ఫినిటీ వైపు నుంచే దిగుతూ వచ్చి ఆపండి. దాటిపోతే వెనక్కి కొంచెం తిప్పి సరిపెట్టకండి, మళ్లీ ఇన్ఫినిటీ నుంచి రండి.