రియోలో కరియోకా పోటీ ఇంకా ఎందుకు?

మధు_ఫ్లా: 2026 నుంచి బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య రాష్ట్ర పోటీలకు 16 తేదీల బదులు 11 తేదీలే ఇచ్చింది. నన్నడిగితే అవీ దండగే. 1906లో కరియోకా, అంటే ఇప్పటి రియో రాష్ట్ర పోటీ, మొదలైనప్పుడు జాతీయ లీగ్ లేదు. ఇప్పుడు లీగ్‌లోనే 38 మ్యాచ్‌లు, పైగా జాతీయ కప్పు కోపా దో బ్రెజిల్, దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు లిబెర్టడోరెస్. మా రియో క్లబ్ ఫ్లమెంగోకు ఏడాదిలో 70 మ్యాచ్‌లు దాటుతున్నాయి. 2025 కరియోకాలో మొదటి మ్యాచ్‌లకు కుర్రాళ్లను దింపారు. క్లబ్బే లెక్కచేయని కప్పు మనకెందుకు?

రవి_వాస్కో: లెక్కచేయకపోతే అదే ఏడాది 39వసారి గెలిచి సంబరాలెందుకు చేసుకున్నారు? 1963 ఫ్లా-ఫ్లూ (ఫ్లమెంగో, ఫ్లుమినెన్స్) ఫైనల్‌కి మరకానా స్టేడియంలో 1,94,603 మంది. ఏ జాతీయ లీగ్ మ్యాచ్‌కి వచ్చారు అంతమంది?

కిట్టు77: టికెట్ కొన్నవాళ్లు 1.77 లక్షలే.

రవి_వాస్కో: మిగతావాళ్లు మనుషులు కాదా?

మధు_ఫ్లా: ఎంతమందైనా 60 ఏళ్ల కిందటి మాట. ఇప్పటి సంగతి చెప్పండి. చిన్న క్లబ్బులు ఫ్లమెంగోతో సొంత మ్యాచ్‌ని మనౌస్‌లాంటి దూరపు ఊళ్లకు అమ్ముకుంటున్నాయి. రియో పోటీ రియోలో లేదు.

రవి_వాస్కో: డబ్బుల్లేక అమ్ముకుంటున్నాయి. 1923లో మా వాస్కో నల్లజాతి ఆటగాళ్లతో, కూలిపని చేసుకునేవాళ్లతో గెలిచింది ఈ కప్పునే. మరుసటి ఏడాది పెద్ద క్లబ్బులు వేరే సంఘం పెట్టి, మా ఆటగాళ్లు 12 మందిని తీసేస్తేనే రమ్మన్నాయి. 1924లో మా అధ్యక్షుడు కుదరదని ఉత్తరం రాశాడు. ఆ చరిత్రని తేదీలు చాలట్లేదని తుడిచేస్తారా?

మధు_ఫ్లా: వాస్కోని గెంటేసింది ఆ పోటీ పెద్దలే కదండీ! మీ ఉదాహరణ నా వైపే ఉంది.

రవి_వాస్కో: గెంటేసినవాళ్ల మీద మళ్లీ గెలిచాం కాబట్టే మాకు దాని విలువ తెలుసు. మీకు తెలియదు.

లక్ష్మి_బొటా: మాటలు జాగ్రత్త అన్నయ్యా.

శ్రీను_గోలీ: బంగూ గురించి ఎవరూ మాట్లాడరేం? బట్టల మిల్లు క్లబ్, 1933లో, 1966లో ఛాంపియన్. ఇలాంటి క్లబ్బుల్లో చాలావాటికి సీజన్ అంటే ఈ రెండు మూడు నెలలే. ఆటగాళ్ల కాంట్రాక్టులూ అంతవరకే. ఇక్కడ మా ఊళ్లోనూ తేదీలు లేవని జిల్లా లీగ్ ఆపేశారు. మా క్లబ్ మూతపడింది. నేను మళ్లీ గ్లోవ్స్ వేసుకోలేదు.

మధు_ఫ్లా: శ్రీనూ, మీ బాధ నిజమే, కానీ అది వేరు. చిన్న క్లబ్బులకి ఏడాదంతా ఆట కావాలి, దానికే జాతీయ లీగ్ నాలుగో అంచె సెరీ డీని 96 క్లబ్బులకు పెంచారు. నేను తెల్లారి ఆరింటికి మ్యాచ్ చూసి ఆఫీసుకు పరిగెడతాను. రిజర్వ్ జట్టుని చూడటానికి కాదు.

శ్రీను_గోలీ: సెరీ డీలో చోటు ఎక్కువగా రాష్ట్ర పోటీ నుంచే వస్తుంది. ఇది తీసేస్తే అక్కడికి దారేది? 2024లో చిన్న క్లబ్ నోవా ఇగ్వాసూ సెమీస్‌లో వాస్కోని ఓడించి ఫైనల్‌కి వెళ్లింది. ఏ జాతీయ లీగ్ వాళ్లకా వేదిక ఇస్తుంది?

రవి_వాస్కో: ఆ ఓటమి నాకింకా మంట. అయినా ఆ మ్యాచ్ ఉండాల్సిందే.

మధు_ఫ్లా: సూటిగా చెప్తా. ఫ్లమెంగో సంపాదన ఫ్లమెంగో అభిమానులది. బంగూ, మదురేరాలాంటి చిన్న క్లబ్బులని బతికించడం మా బాధ్యత కాదు. సమాఖ్య దగ్గర డబ్బుంది, ఇవ్వమనండి.

శ్రీను_గోలీ: ఇదన్నమాట మనసులో మాట! తేదీలు, అలసట అని ఇంతసేపు చెప్పారు. మీ దృష్టిలో క్లబ్ ఊరిది కాదు, టీవీ చూసేవాళ్లది. నేను దానికి ఒప్పుకోను.

మధు_ఫ్లా: రియోకి బయట ఫ్లమెంగోకు కోట్లమంది అభిమానులున్నారు. వాళ్లు అభిమానులు కారా? నేను కానా?

లక్ష్మి_బొటా: ఇద్దరూ కాదనలేనిది ఒకటుంది: 2024లో మా బొటాఫోగో లిబెర్టడోరెస్ గెలిచింది, కరియోకా వల్ల మాకేమీ అడ్డు రాలేదు.

మధు_ఫ్లా: ఆ ఏడాది కరియోకాలో మీరు సెమీస్‌కే రాలేదు లక్ష్మిగారూ. కరియోకా సెమీస్, ఫైనల్ భారం మీకు పడలేదు.